మందుల చీటీ: మా ఆవిడ చూసే రోగులు

కిందటి నెల రక్తపోటు గురించి రాస్తూ ఉప్పు తగ్గించమన్నందుకు ముగ్గురు పాఠకులు ఫోను చేసి, మరి ఆవకాయ సంగతేమిటని నిలదీశారు. మా జవాబు మారలేదు. ఆవకాయ మీద మాకూ మమకారమే, కాని నాలుక మాట మూత్రపిండాలు వినవు.

ఈ నెల కిడ్నీలో రాళ్ళ గురించి రాస్తామని మాటిచ్చాం. రాయడం లేదు. కారణం ఉగాదినాడు భోజనాల దగ్గర విన్న ఒక మాట. ఎవరన్నారో చెప్పం, పెద్దావిడ, మంచి మనసుతోనే అన్నారు. "మీరేమో డాక్టరు. ఆవిడకా నీళ్ళ పంపుల దగ్గర గ్రీజు పని ఏమిటండీ పాపం? నాలుగు నెలలు ఏదో కోర్సు చేసి కంప్యూటర్లలోకి రాలేకపోయారా?" నోట్లో పులిహోర ఉందన్న నెపంతో మేము తలాడించి ఊరుకున్నాం. ఇంటికి వచ్చేదాకా ఆ తలాడించడమే మమ్మల్ని పొడుస్తూ వచ్చింది. ఈ శీర్షికలో "మేము" అంటే ఎప్పుడూ మేమొక్కరమే. ఈసారి అక్కడక్కడ ఇద్దరం.

మా ఆవిడ మెకానికల్ ఇంజనీరు. కాకినాడలో చదివింది. ఇక్కడ న్యూజెర్సీలో ఒక నీటి సరఫరా సంస్థలో మెయింటెనెన్సు చూస్తుంది. సంస్థ పేరు అనవసరం. నదిలో నీళ్ళు తోడి, శుద్ధి చేసి, గుట్ట మీది టాంకులకు ఎక్కించి, అక్కణ్ణుంచి ఇళ్ళకు పంపిస్తారు. శుద్ధి చేయడం కెమిస్టుల పని. ఎక్కించడం పంపుల పని. ఆ పంపులు ఆగకుండా చూడడం ఆవిడ పని. ఒక్కొక్కటి 500 హార్స్ పవర్ మోటారు మీద నిమిషానికి 1180 చుట్లు తిరుగుతుంది, నెలల తరబడి, పగలూ రాత్రీ. మన గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటేనే మేము దాన్ని పొగుడుతూ ఇన్నేళ్ళుగా పొట్ట పోసుకుంటున్నాం.

ఆవిడకు ఈ పిచ్చి కాలేజీలో పుట్టింది కాదు. మా మామగారికి మండపేట దగ్గర రైసుమిల్లు ఉండేది. అక్కడి మిస్త్రీ ఏనాడూ కాలేజీ గుమ్మం తొక్కినవాడు కాడు. స్క్రూడ్రైవరు మొన బేరింగు పెట్టె మీద ఆనించి, పిడి చెవికి నొక్కుకుని, కళ్ళు మూసుకుని, "ఇది వారం తిరగదు బాబూ" అనేవాడట. తిరిగేది కాదు. ఏడేళ్ళ పిల్ల పక్కన నిలబడి తనకూ వినిపించమని పేచీ పెట్టేది. వినిపించేవాడు. ఫ్రాన్సులో లెన్నెక్ అనే వైద్యుడు 1816లో కాగితం చుట్టి రోగి గుండె విన్నాడనీ, అలా స్టెతస్కోపు పుట్టిందనీ మేము మొదటి సంవత్సరంలో చదివి పరీక్ష రాశాం. మా ఆవిడ ఆ పాఠం ఊక దుమ్ములో నేర్చుకుంది.

ఇప్పుడు స్క్రూడ్రైవరు బదులు అయస్కాంతంతో బేరింగు మీద అతుక్కునే చిన్న పరికరం ఉంటుంది. అది కంపనాన్ని కొలిచి గీతలుగా చూపిస్తుంది. సరిగా ఉన్న పంపు సెకనుకు 0.1 అంగుళం దరిదాపుల్లో కంపిస్తుందట. 0.3 దాటితే ఆలోచించాలి. అంకె పెరగడం ఒక్కటే కాదు, ఎక్కడ పెరిగిందో చూడాలి. పంపు తిరిగే వేగం దగ్గరే గీత లేస్తే తూకం తప్పింది. దానికి రెట్టింపు దగ్గర లేస్తే సాధారణంగా మోటారూ పంపూ ఒక వరసలో లేవన్న అనుమానం. ఏ పూర్ణాంకానికీ పొసగని చోట సన్నటి ముళ్ళలా లేస్తే బేరింగులో గుండ్లు దొర్లే దారి మీద పెచ్చు లేచిందన్నమాట. మాకు ఇ.సి.జి. చదవడం నేర్పినాయన ఈ గీతలు చూస్తే ముచ్చటపడేవారు.

రోగాల్లో మాకు బాగా నచ్చింది ఒకటుంది. పాతరకం పంపుల్లో షాఫ్టు బయటికొచ్చే చోట నూలు తాడులాంటి పేకింగు చుట్టి, గ్లాండుతో బిగిస్తారు. అక్కడ నీరు బొట్టు బొట్టుగా కారుతూనే ఉండాలి. ఆ కారడమే దానికి చల్లదనం. కొత్తగా చేరిన కుర్రాడొకడు, పాపం శుభ్రత ఎక్కువ, కారుతోందని గట్టిగా బిగించేశాడు. గంటకల్లా పేకింగు మాడి పొగలొచ్చాయి. గ్రీజూ అంతే. ఎక్కువ పెడితే మంచిదనుకుంటారు. ఎక్కువైతే బేరింగు లోపల చిలికి చిలికి వేడెక్కి చస్తుంది. ఇన్ని గ్రాములని లెక్క కట్టి పెట్టాలి. పుష్టికని పిల్లల చేత రోజుకు రెండు రకాల విటమిన్ మాత్రలు మింగించే తల్లిదండ్రులు ఈ వాక్యం మళ్ళీ చదవగోర్తాం.

ఇక తాళం. యంత్రం మీద చెయ్యి వేసే ముందు కరెంటు ఆపి, స్విచ్చికి ఎవరి తాళం వాళ్ళు వేసుకుంటారు. దాని మీద పేరూ ఫోటో ఉంటాయి. తాళంచెవి వేసినవాళ్ళ జేబులోనే ఉంటుంది. పై అధికారి వచ్చినా తీయమనడానికి లేదు. తిరిగే యంత్రాల దగ్గరికి గొలుసులూ ఉంగరాలూ గాజులూ పెట్టుకు పోకూడదు. ఇది మా ఇంట్లో చిన్న తుఫాను రేపింది. మా అమ్మ వచ్చినప్పుడు, పొద్దున్నే కోడలు మంగళసూత్రం తీసి డబ్బాలో పెట్టడం చూసింది. రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు, కోడలితో అసలు మాట్లాడలేదు. మూడోనాడు మా ఆవిడే కూర్చోబెట్టి, వాళ్ళ మిల్లులో ఊక ఊడ్చే మనిషి చీరకొంగు బెల్టులో చిక్కుకున్న రోజు సంగతి చెప్పింది. ఆ మనిషి బతికింది, చెయ్యి మిగల్లేదు. అమ్మ విని, కాసేపు ఊరుకుని, "అయితే డబ్బాలో ఎందుకే, దేవుడి దగ్గర పెట్టి వెళ్ళు" అంది. అప్పటి నుంచి అక్కడే ఉంటోంది. ఆవిడ ఉక్కు ముక్కు బూట్లు మాత్రం గుమ్మంలో ఉంటాయి. ఎప్పుడైనా పని నుంచి తిన్నగా గుడికి వస్తే అవి కూడా బయట వదులుతుంది. ఎవరూ పొరపాటున తొడుక్కుపోని జోడు మా ఇంటిల్లిపాదికీ అదొక్కటే.

ఈ పని వైద్యుడికి పరాయిదేమీ కాదు. అసలు మా రాష్ట్రంలోనే ఉంది దాని కథ. జెర్సీ సిటీకి బూంటన్ జలాశయం నుంచి నీళ్ళు వచ్చేవి. నీళ్ళు ఒప్పందం ప్రకారం శుభ్రంగా లేవని నగరం కంపెనీ మీద దావా వేసింది. కాలవలు కట్టండి, లేదా మరో ఉపాయం చూడండి అంది కోర్టు. కంపెనీకి సలహాదారు జాన్ లీల్ అనే వైద్యుడు. ఆయన తండ్రీ వైద్యుడే, అంతర్యుద్ధంలో సైన్యంతో వెళ్ళి విరేచనాల జబ్బు తెచ్చుకుని ఏళ్ళ తరబడి బాధపడి పోయాడు. లీల్ ఎవరి అనుమతీ అడగకుండా నీళ్ళలో బ్లీచింగు పౌడరు కలపాలని నిశ్చయించాడు. ఫుల్లర్ అనే ఇంజనీరు 99 రోజుల్లో యంత్రాంగం కట్టి ఇచ్చాడు. 1908 సెప్టెంబరు 26న మొదలైంది. ఊరి నీళ్ళలో విషం కలిపాడన్నారు, మళ్ళీ కోర్టుకీడ్చారు. తాగుతారా అని అడిగితే తాగుతాననీ, ఇంట్లోవాళ్ళ చేతా తాగిస్తాననీ చెప్పాడు. చివరికి కోర్టు ఒప్పుకుంది, దేశమంతా అదే దారి పట్టింది. 1900లో ఈ దేశంలో లక్షమందికి సుమారు వందమందికి టైఫాయిడు వచ్చేది. 1920 నాటికి అది 34కి దిగింది. క్లోరిను ఒక్కదాని వల్లే కాదు, వడపోతకూ వాటా ఉంది. అయినా మా వాళ్ళు రాసిన ఏ మందుల చీటీకీ అంత ఫలితం రాలేదు, అప్పటికి టైఫాయిడుకు మందే లేదు.

ఇంకొక విచిత్రం చూడండి. బూంటన్‌లో ఆ యంత్రం తిరిగిన రెండు రోజులకు, 1908 సెప్టెంబరు 28న, హైదరాబాదులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరవాతే నిజాము ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, వరదను ఆపడానికి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టడం, హైదరాబాదు తరతరాలు ఆ నీళ్ళు తాగడం. హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆ గండిపేట నీళ్ళు తాగి పరీక్షలు గట్టెక్కినవారు మన సంఘంలో పదిమందైనా ఉంటారు.

సరే, చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాం. చెప్పాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాం. మా ఆవిడ, "మీరు రాస్తే అంతా రాయండి, లేకపోతే రాళ్ళ గురించే రాసుకోండి" అంది.

2022 జూలై. ఎండలు మండిపోతున్నాయి. అందరూ గడ్డికి నీళ్ళు పెట్టే కాలం. మా ఆవిడ చూసే ఒక పంపుహౌసులో మూడు పంపులు. ఎండాకాలం రెండు తిరగాలి, ఒకటి విశ్రాంతిలో ఉండాలి. ఒకటో పంపు లోపలి భాగం మరమ్మతుకు షాపుకు పోయింది, సోమవారం వస్తుంది. గురువారం నాడు మూడో పంపు బేరింగు దగ్గర ఆ ముళ్ళ గీతలు కనిపించాయి. 0.22. ఆపితే మిగిలేది ఒక్క పంపు, ఊరికి చాలదు. అందరూ కూర్చుని, సోమవారం దాకా నడుపుదాం, రోజూ ఒకసారి కొలుద్దాం అనుకున్నారు. ఆవిడా సంతకం పెట్టింది. శుక్రవారం 0.24. శనివారం 0.27. ఆదివారం కొలత ఆవిడ వంతు.

ఆదివారం మా అమ్మాయి ఐదో పుట్టినరోజు. మీలో చాలామంది వచ్చారు, గారెలు బాగున్నాయన్నారు. మధ్యాహ్నం రెండింటికి, పిండి రుబ్బి గిన్నెలో ఉండగా, ఆవిడ చేతులు కడుక్కుని, "ఒక్క గంట వెళ్ళి కొలిచి వస్తానండీ" అంది. మేము అన్నమాట అక్షరాలా ఇది: "అరవైమంది వస్తుంటే ఇప్పుడా? రేపెలాగూ ఆ సామాను వస్తోందిగా, రేపు చూసుకోవచ్చుగా."

ఆవిడ మూకుడు పొయ్యి మీద పెట్టింది.

రాత్రి 11:40కి బేరింగు పట్టేసింది. మోటారు ఆగిపోయింది. ముందుకు పోతున్న నీళ్ళ బరువు ఒక్కసారిగా వెనక్కి తిరిగి, చెక్ వాల్వు తలుపు దడేలున మూసుకుంది. ఆ దెబ్బ గొట్టంలో సెకనుకు కిలోమీటరు వేగంతో పోతుంది. గుట్ట రోడ్డు కింద వందేళ్ళ నాటి పోత ఇనుప గొట్టం చీలిపోయింది. గుట్ట మీది పేటల్లో ఒత్తిడి 20 పౌండ్ల కిందికి పడిపోయింది. అంతకన్నా తగ్గితే బయటి మురుగు లోపలికి చొరబడే ప్రమాదం ఉందని, నీళ్ళు కాచుకు తాగమని ప్రకటన ఇస్తారు. ఇచ్చారు. అర్ధరాత్రి ఆవిడ పట్టుచీర మంచం మీద వదిలేసి బూట్లు తొడుక్కుని వెళ్ళింది. మేము నిద్రపోయాం.

తెల్లవారి 5:10కి మా ఫోను మోగింది. డయాలిసిస్ కేంద్రం నుంచి నర్సు. ఆ కేంద్రం ఉన్నది గుట్ట మీదే. డయాలిసిస్ ఒక్కసారి జరగడానికి సుమారు 120 లీటర్ల నీళ్ళు కావాలి. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలు, రోగి రక్తానికి పలచటి పొర అవతలే పారతాయి. ఊరి నీళ్ళను ముందు బొగ్గు టాంకుల్లో పంపి క్లోరినూ క్లోరమైనూ తీసేయాలి, లేకపోతే ఎర్రకణాలు పగిలిపోతాయి. ఆ తరవాత సన్నటి పొరల్లోంచి తోసి వడకట్టాలి. తోయడానికి ఒత్తిడి లేదు. యంత్రం అరుస్తూ ఆగిపోయింది.

అది సోమవారం. సోమ, బుధ, శుక్రవారాల రోగులు శుక్రవారం తరవాత రెండు రోజులు ఖాళీగా ఉంటారు. వారం మొత్తం మీద వాళ్ళకు అన్నిటికన్నా ప్రమాదం ఆ ఎడం చివరే. పద్నాలుగు కుర్చీల నిండా వచ్చి కూర్చున్నారు. మేము వెళ్ళి అందరినీ చూశాం. ఒకాయన, రిటైరైన బస్సు డ్రైవరు, డెబ్బై దాటాయి, కాళ్ళు లాగేస్తున్నాయన్నాడు. ఇ.సి.జి.లో టీ అలలు గుడి గోపురాల్లా నిలబడ్డాయి. పొటాసియం 7.1. కేల్షియం ఎక్కించి, ఇన్సులిన్ గ్లూకోజు ఇచ్చి, అంబులెన్సులో పక్క ఊరి ఆస్పత్రికి పంపాం. ఆ మధ్యలో నలుగురు నర్సుల ముందు నీళ్ళ కంపెనీవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాం. జీతాలు తీసుకుని నిద్రపోతారన్నాం. అంటున్నప్పుడే నోరు ఎండిపోయింది.

మా ఆవిడకు ఫోను చేశాం. వెనక డీజిలు యంత్రం రొద. "ఇంకా ఎంతసేపు?" అన్నాం, కాస్త గట్టిగానే.

"గొట్టం సాయంత్రానికి. దానికి అడ్డంగా వేరే లైను తిప్పుతున్నాం, మీకు ఒత్తిడి రెండింటికి వస్తుంది. అంతకన్నా ముందు చెప్పమంటే అబద్ధం చెప్పాలి" అంది. రెండు గంటల పది నిమిషాలకు వచ్చింది. ఒకటో పంపు సామానుతో లారీ, చెప్పిన ప్రకారం, పొద్దున్న పదికే వచ్చి నిలబడిందట.

డ్రైవరుగారు బతికారు. ఆ మధ్యాహ్నమే అక్కడ డయాలిసిస్ జరిగింది. మిగతావాళ్ళను రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టి పూర్తి చేశాం. నీళ్ళు కాచుకోమన్న ప్రకటన బుధవారం ఎత్తేశారు.

వారం తరవాత వాళ్ళ సంస్థలో సమావేశం. మా ఆస్పత్రుల్లో చావులూ చిక్కులూ చర్చించుకునే సమావేశంలాంటిదే. గొట్టం పాతది, పంపు సామాను ఆలస్యం, ఎండ. కారణాలకు కొదవ లేదు. ఆదివారం కొలత సంగతి ఎవరూ అడగలేదు, పై ఆయన కూడా అది రాయనక్కర్లేదన్నారట. ఆవిడ రాసింది. "ఆదివారం తీయవలసిన కొలత నేను తీయలేదు. తీసి ఉంటే పంపు ఆపి, గడ్డికి నీళ్ళు పెట్టవద్దని ఊరికి చెప్పే వ్యవధి ఉండేది." కారణం అన్న చోట "వ్యక్తిగతం" అని ఒక్కమాట.

ఆ "వ్యక్తిగతం" ఈ శీర్షిక రాస్తున్న మేమే. మా కేంద్రంలోనూ ఒక నివేదిక రాశారు. కారణం: బయటి నీటి సరఫరాలో అంతరాయం. దాని కింద డాక్టరు సంతకం ఉంది.

డ్రైవరుగారు ఆ తరవాత చాలాకాలం మా దగ్గరికి వచ్చారు. ఒకసారి కుర్చీలో పడుకుని, "ఆ నీళ్ళవాళ్ళు ఎవరైనా తప్పు ఒప్పుకున్నారా డాక్టర్?" అని అడిగారు. ఒప్పుకున్నారని చెప్పాం. "అయితే మంచివాళ్ళే" అన్నారాయన. అంతకుమించి ఆ రోజు మా నోట మాట రాలేదు.

ఇప్పుడు ఆ పంపుహౌసులో బేరింగు మీద కొలిచే పరికరాలు శాశ్వతంగా బిగించారు, ఫోనులోనే అంకెలు కనిపిస్తాయి. అయినా ఆవిడ వెళ్ళి చూస్తుంది. ఫోనులో వాసన రాదట. "ఒక్క గంట" అన్నప్పుడు గరిటె మేము అందుకుంటున్నాం. ఈ ఏడాది సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు మాడినట్టున్నాయని మర్యాదగా అన్నవారికి అదీ సంగతి.

ఉగాదినాడు అడిగిన పెద్దావిడకు ఇదే మా జవాబు. ఆలస్యమైనందుకు మన్నించాలి.

మా ఆవిడ ఒక్క విషయం చెప్పమంది. మీ ఇంట్లోకి నీళ్ళు వచ్చే పెద్ద వాల్వు ఎక్కడుందో ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి. ఏడాదికి ఒకసారి పూర్తిగా మూసి తెరవాలి, లేకపోతే కావలసిననాడు తిరగదు. ఈ వాక్యం రాశాక మేము నేలమాళిగలోకి దిగి మాది చూశాం. తిరగలేదు. ఆవిడ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

వచ్చే నెల కిడ్నీలో రాళ్ళు, తప్పకుండా. ఈలోగా రాళ్ళున్నవాళ్ళు నీళ్ళు బాగా తాగండి.